చదివింపుల నోటుబుక్కు

సంతపేటలో ఎవరింట్లో పెండ్లయినా
పందిట్లో మొదటి కుర్చీ నాదే.
నా అక్షరాలు గుండ్రంగా ఉంటాయని పేరు.
మైకు పట్టుకుని మొగిలీశ్వరుడు అరిచేవాడు,
నేను రాసేవాణ్ణి:
మురకంబట్టు దొరస్వామి, నూట పదహార్లు.
బంగారుపాళెం పెద్దమ్మ, ఇత్తడి బిందె ఒకటి.

నిన్న అదే నోటుబుక్కు తీసినా.
కొత్త పేజీకి పసుపు పెట్టబోయి
వేలు ఆపుకున్నా.
పైన ఏం రాయాలో తోచలేదు.
చిరంజీవి ఎవరని, సౌభాగ్యవతి ఎవరని?
చివరికి చెల్లెలి పేరొక్కటే రాసినా.
గుణవతి. గుండె కవాటం.

పదకొండో ఏట కీళ్లు వాచినాయి దానికి.
ఆటల్లో దెబ్బేమో అనుకుని
పుత్తూరు పోయి కట్టు కట్టించినాం.
కీళ్లను వదిలిన వాపు గుండెను పట్టుకునింది.
అప్పట్నుంచి ఇరవై ఒక్క రోజులకోసారి సూది.
మా గోడమీద క్యాలెండరుకి
అమావాస్యలూ పున్నములూ లేవు,
సూది రోజులే ఉండాయి.
పదిహేనేండ్లు.

మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో
డబ్బాలకి కాగితాలంటించే పని,
సీజనంతా నిలబడే చేసేది.
ఈ ఏడు స్టూలడిగింది.
స్టూలడిగిన రోజే నాకు అర్థమయింది.

తిరుపతి డాక్టరు కాగితమ్మీద గుండె గీసినాడు,
గుండెలో తలుపు గీసినాడు,
అది సరిగా మూసుకోవడం లేదన్నాడు.
మా వంటింటి తలుపు గుర్తొచ్చింది,
ఎత్తి నెట్టాల దాన్ని.
కార్డు కింద వచ్చేది పోను
ఇంకా ఇంత కావాలని బొమ్మ పక్కనే రాసినాడు.
సున్నాలు మటుకు నాకంటే గుండ్రంగా రాసినాడు.

అడిగేది నోరే అనుకుంటారు.
ముందు కాళ్లు రావు.
మూడుసార్లు బెల్లం మండీ వీధి మొగదాకా పోయి
టీ తాగి వచ్చేసినా.
నాలుగోసారి కాటా దగ్గిర సెల్వరాజు
చంకలో నోటుబుక్కు చూసి
"ఎవురి పెండ్లన్నా?" అన్నాడు.
చెప్పినా.
చేతికంటిన బెల్లం గోనెకి తుడుచుకుని
చొక్కా జేబు నా ముందు బోర్లించినాడు.
నలిగిన నోట్లు, బస్సు టికెట్టు, బీడీకట్ట.
బీడీకట్ట ఒక్కటి వెనక్కి తీసుకున్నాడు.

మండీ సావుకారు అయిదు వేలిచ్చి
పేరు అందరికంటే పైన రాయమన్నాడు.
పైనే రాసినా.
పొరోటాలమ్మే ఖాజాబీ చీటీ పాట డబ్బు తెచ్చింది,
కొడుకు సైకిలుకని పాడుకున్నది.
"పేరొద్దు నాయనా, రాస్తే నీకు దిగులు" అనింది.
రాయకుంటే లెక్క నిలవదు.
పొయ్యికాడి మనిషి, అని రాసినా.
చిన్నాయన ఇంట్లో నన్ను చూసి లైటు ఆర్పేసినారు.
చీకట్లో ఎవరో దగ్గినారు.
ఆ గీత ఖాళీగా వదిలినా,
ఎప్పుడన్నా నింపుతాడేమో.

చదివింపులకి ఒక ధర్మం ఉండాది:
రాసింది తిరిగి పెట్టాల,
వాళ్లింట్లో కార్యమైనప్పుడు
ఒక రూపాయి ఎక్కువేసి పెట్టాల.
ఈ పేజీలు తిరగేస్తా ఉంటే భయమేస్తాది.
సెల్వరాజూ, నీకెట్లా పెట్టేది నేను?
ఇట్లాంటి కార్యం నీ ఇంట్లో రాకూడదు గదా.
నీ కూతురి పెండ్లిదాకా ఆగు.
మొదటి కుర్చీలోంచి లేచి వచ్చి పెడతా.

పొద్దున ఆరు గంటల తిరుపతి బస్సు.
గుణవతి కిటికీ పక్కన.
పాకాల దాటేదాకా నోటుబుక్కే చదివింది,
పెదాలు కదిలిస్తా,
పేరు పేరు దగ్గిరా ఆగి ఊపిరి తీసుకుంటా.
"నూట డెబ్బై తప్పు కూడినావన్నా" అనింది.
"ఎక్కువా, తక్కువా?"
చెప్పలేదు.
చున్నీ కొసకి వేసిన ముడి విప్పి
ఫ్యాక్టరీ ఆఖరి వారం కూలి తీసింది.
"ఇదీ రాయి."
"నీ డబ్బు నీకే రాసేదేంది మేయ్?"
"పిలవకుండా వచ్చినోళ్లవి కూడా రాస్తావు గదా."

బస్సు కుదుపుకి నా గుండ్రటి అక్షరాలు వంకర పోయినాయి.
సంతపేట గుణవతి,
అని రాసి పెన్ను ఎత్తి పట్టుకోనుండా.
అది ఇంకా చిల్లర ఎంచతా ఉండాది.